కథల పోటీకి జడ్జిగా పిలిచారా?

ఆగస్టు 29 దగ్గర పడిందంటే తెలుగు టీచర్లకు ఫోన్లు మొదలవుతాయి. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. తెలంగాణలో అయితే సెప్టెంబరు 9, కాళోజీ పుట్టినరోజు. అవి అయి ఊపిరి పీల్చుకునేలోపు నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. "మేడమ్, పిల్లలు కథలు రాశారు. ఓ గంట కూర్చుని ఫస్టు, సెకండు, థర్డు చెప్పేస్తే చాలు" అంటారు. ఆ గంట దగ్గరే వస్తుంది గొడవంతా. యాభై, అరవై కథలు గంటలో తిరగేస్తే మన కంటికి ఆనేవి చేతిరాత, మొదటి పేరా, ఆఖరి వాక్యం, అంతే.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా మొదలైన ఈ పిలుపులు ఇంకా ఆగలేదు. కొత్తగా జడ్జీలుగా వెళ్లేవాళ్లు "అసలు దేనికి మార్కులు వెయ్యాలండీ? ఈ పిల్లలో సరుకుందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పిల్లలంటే ఆరో తరగతి నుంచి డిగ్రీ ఆఖరి సంవత్సరం దాకా అనుకోండి.

ఒప్పుకునే ముందు అడగవలసినవి

కనీసం వారం రోజుల టైము అడగండి. కాగితాల మీద పేరు, బడి, ఊరు లేకుండా కోడ్ నంబరు మాత్రమే ఉండాలని చెప్పండి. ఏ తరగతి గ్రూపో మాత్రం తెలియాలి. ఆరు నుంచి ఎనిమిది ఒక గ్రూపు, తొమ్మిది పది ఇంకొకటి, ఇంటర్, డిగ్రీ వేరు వేరు. ఏడో తరగతి పిల్లనీ డిగ్రీ కుర్రాణ్నీ ఒకే బరిలో దింపే నిర్వాహకులు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి పోటీకి నేను వెళ్లను.

మార్కుల షీటు ముందే పంపమనండి. అందులో సాధారణంగా "కథాంశం, భాష, సందేశం, చేతిరాత" అని గడులుంటాయి. చేతిరాత గడి కొట్టేయమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. సందేశం గడి దగ్గరే పేచీ. "పిల్లలకు నీతి ఉండాలి కదండీ" అంటారు. పిల్లలు తెలివైనవాళ్లు. సందేశానికి పది మార్కులని తెలిస్తే కథ ఎలా పోయినా ఫర్వాలేదని చివర "కాబట్టి మనమందరం..." అని ఒక పేరా అతికిస్తారు. గడి తీసేయడం కుదరదంటే నేను అందరికీ అందులో ఒకే మార్కు వేసేస్తాను. నిర్వాహకులకు గడి నిండుతుంది, ఫలితం మారదు.

మొదటిసారి పెన్ను లేకుండా

కట్ట విప్పగానే ఎర్ర పెన్ను తియ్యకండి. పెన్ను చేతిలో ఉంటే తప్పులే కనిపిస్తాయి. మొదటిసారి అన్నీ మామూలు పాఠకుల్లా చదివెయ్యండి. మర్నాడు కాగితాలు ముట్టుకోకముందు ఒక తెల్ల కాగితం మీద ఏమేం గుర్తున్నాయో రాసుకోండి. "మేక తప్పిపోయిన కథ", "బస్సులో చిల్లర గొడవ" అని గుర్తున్నంత చాలు. గుర్తున్నవన్నీ గొప్పవి కావు, కొన్ని మరీ నవ్వొచ్చేలా ఉండి గుర్తుంటాయి. కానీ ఒక్క ముక్క కూడా గుర్తు లేని కథకు మీరు యాభైకి నలభై మార్కులు వేయబోతుంటే మాత్రం ఆగి ఆలోచించండి.

రెండోసారి చివరి నుంచి మొదటికి చదవండి. కట్టలో అడుగున ఉన్న కథ చదివేసరికి మనకు విసుగొచ్చి ఉంటుంది, ఆ విసుగు ఆ పిల్లాడి ఖాతాలో పడకూడదు. ఇప్పుడు పెన్సిలు వాడొచ్చు. సంభాషణలున్న చోట ఓ పది వాక్యాలు పైకి చదవండి. మనుషులు నిజంగా అలా మాట్లాడుకుంటారో లేదో కళ్లకంటే ముందు చెవి చెప్పేస్తుంది. చేతిరాత కోడికెలుకుడులా ఉంటే ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. నాకు మా మనవరాలు చదివి పెడుతుంది. చదువుతూ చదువుతూ అది ఫోను చూసుకోవడం మొదలుపెట్టిందంటే అదీ ఒక తీర్పే అనుకోండి.

ఏమేం కథలొస్తాయో ముందే చెప్పగలను. కొడుకు వృద్ధాశ్రమంలో చేర్చిన తల్లి, అప్పులపాలైన రైతు, ఫోను పిచ్చిలో పడి పరీక్ష తప్పిన అబ్బాయి, మాట్లాడే వేపచెట్టు, పేదవాడైనా నిజాయతీగా పర్సు తిరిగిచ్చిన కుర్రాడు. ఇక కథ ఎటు తేల్చాలో తెలియక "ఇంతలో అమ్మ లేపింది, అదంతా కలే" అని ముగించేవి కనీసం నాలుగుంటాయి. వీటిని చూడగానే పక్కన పడేయకండి. ఇన్నాళ్లూ బడిలో చప్పట్లు కొట్టించుకున్న వస్తువులే అవి, వాళ్లకు తెలిసిన దారి అదే. వేపచెట్టు కథలో కూడా ఏదో ఒకచోట పిల్లాడు ఆ దారి వదిలి పక్కకు అడుగేస్తాడు. ఆ చెట్టుకు కట్టిన గేదె పలుపు గురించో, కొమ్మలు కొట్టేసిన కరెంటు వాళ్ల గురించో తనకు తెలిసిన వాక్యం ఒకటి రాస్తాడు. అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి.

రెండు కథలు

ఇప్పుడు అసలు విషయం. తొమ్మిది, పది గ్రూపులో వచ్చిన రెండు కథల్లోంచి కొంచెం కొంచెం చూపిస్తాను. ఎవరివో తెలియకుండా వివరాలు కాస్త మార్చాను.

మొదటిది వృద్ధాశ్రమం కథ. "కన్నపేగు కదిలిపోయింది. ఆ మాతృమూర్తి హృదయం అగ్నిపర్వతంలా బద్దలైంది. ఓ సమాజమా, నీకు కళ్లు లేవా?" అని సాగుతుంది. తోటి జడ్జి ఒకాయన దీని పక్కన "వయసుకు మించిన పరిణతి" అని రాశారు.

రెండోది రేషన్ షాపు కథ. "మిషను నానమ్మ వేలు గుర్తుపట్టలేదు. నానమ్మ వేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. డీలరు తన రుమాలుతో అద్దం తుడిచాడు. ఈసారీ రాలేదు. వెనక క్యూలో ఒకాయన, అంట్లు తోమీ తోమీ అరిగిపోయుంటాయి అన్నాడు. నానమ్మ నవ్వింది." దీనికి ఆయన "సాదా కథ, వర్ణన తక్కువ" అని రాశారు.

మొదటి కథలోని ఆ వాక్యాలను ఏ తల్లి కథలోనైనా పెట్టొచ్చు, ఎక్కడా అతుకు కనపడదు. ఆ తల్లికి పేరు లేదు, ఏ ఊరో తెలియదు. కొడుకు ఏం పని చేస్తాడో, ఎందుకు అక్కడ చేర్చాడో, చేర్చిన రోజు ఏం మాట్లాడాడో లేదు. అతను చెడ్డవాడు, కోడలు ఇంకా చెడ్డది, అంతే. ఆ అమ్మాయి పుస్తకాల్లోంచీ ఉపన్యాసాల్లోంచీ మాటలు బాగా పట్టుకుంది. మంచి జ్ఞాపకశక్తి, వాక్యం విరగకుండా నడిపించే నేర్పు ఉన్నాయి. వాటికి మార్కులు వెయ్యాల్సిందే. కానీ దాన్ని పరిణతి అనలేం.

రెండో కథలో రుమాలు చూడండి. రేషన్ డీలరంటే కథల్లో దొంగ అయి తీరాలి. ఆ పిల్లకు అతన్ని దొంగను చేయడం చాలా తేలిక, చదివేవాళ్లూ సంతోషిస్తారు. కానీ ఆమె చూసిన డీలరు జేబులోంచి రుమాలు తీసి అద్దం తుడిచాడు. అతనూ ఆ మిషను ముందు నిస్సహాయుడే అని ఎక్కడా రాయలేదు, రుమాలుతో సరిపెట్టింది. తర్వాత "నానమ్మ నవ్వింది." ఎందుకు నవ్విందో చెప్పలేదు. సిగ్గుతోనా, ఆ మాట నిజమనా, నలుగురిలో ఇంకేం చేయలేకా? అది మనకే వదిలేసింది. పద్నాలుగేళ్ల పిల్ల మనల్ని నమ్మి వదిలేసిన చోటు అది.

ఆ కథలో లోపాలు లేవా అంటే బోలెడు. మధ్యలో వర్తమానం, భూతం కలిసిపోయాయి. ఒక పేరా సంబంధం లేకుండా స్కూలుకు వెళ్లి వచ్చింది. చివర సందేశం మార్కులు పోతాయన్న భయంతో "కాబట్టి ప్రభుత్వం మంచి మిషన్లు ఇవ్వాలి" అని కూడా రాసింది. అయినా నా లెక్కలో ఆ గ్రూపుకు అదే మొదటి కథ. లోపాలు దిద్దుకుంటే పోతాయి. రుమాలు మాత్రం ఎవరూ నేర్పలేరు.

పరిణతి ఎక్కడ వెతకాలి

నేను చూసే మొదటి చోటు చెబుతాను. రాసేవాళ్లకు కథలో నచ్చని మనిషి ఎవరో కనిపెట్టండి. సవతి తల్లి, వడ్డీ వ్యాపారి, కొట్టే మాస్టారు, తాగే నాన్న, ఎవరైనా సరే. ఆ మనిషి గురించి ఏం రాశారో మాత్రమే విడిగా చదవండి. వచ్చినప్పుడల్లా కళ్లెర్రజేసి అరిచి వెళ్లిపోతున్నాడా, లేక ఒక్కసారైనా చొక్కా గుండీ ఊడిపోయి, మందులు మర్చిపోయి, ఎవరికో భయపడి కనిపించాడా? తనకు కోపం తెప్పించిన మనిషికి కూడా కథలో కూర్చోవడానికి కుర్చీ వేసిన పిల్లలు అరుదు. కథ ఎంత పచ్చిగా ఉన్నా అలాంటివాళ్లను వదలకండి. దీనర్థం తప్పు చేసినవాణ్ని క్షమించెయ్యాలని కాదు. తప్పు చేసినవాణ్ని కూడా సరిగ్గా చూడాలని మాత్రమే.

ఇది ఒకే కథలో ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడం మామూలే. ఇంటర్ సెకండియర్ కుర్రాడు రాసిన హాస్టల్ కథ ఒకటి నా దగ్గరకు వచ్చింది. తెల్లవారుజామున స్టడీ అవర్లు, వారానికొక్కసారి ఆదివారం ఇంటికి ఫోను. "నాన్న బాగున్నావా అన్నాడు. బాగున్నా అన్నాను. నా వెనక లైన్లో అయిదుగురున్నారు." ఈ మూడు వాక్యాలు చదివాక నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. అదే కథలో వార్డెన్ మాత్రం ఎప్పుడొచ్చినా "రాక్షసుడిలా" వస్తాడు, "రాక్షసుడిలా" నవ్వుతాడు. నాన్న దగ్గర పెద్దవాడైపోయిన కుర్రాడు వార్డెన్ దగ్గర చిన్నపిల్లాడైపోయాడు. పదిహేడేళ్ల వాడికి అది సహజం. మార్కులు నాన్న సీన్‌ను బట్టి వేశాను, వ్యాఖ్య వార్డెన్ మీద రాశాను. అదేమిటో కింద చెబుతాను.

ఇంకోటి, కథ చెప్పే "నేను" తనను తాను ఎలా చూసుకుంటున్నాడన్నది. ఆ "నేను" ఎప్పుడూ మంచివాడు, అందరూ అపార్థం చేసుకున్నవాడు అయితే ఆ వయసుకు తప్పేమీ కాదు. కానీ అక్కడక్కడ తన మీద తానే నవ్వుకోగలిగితే, తన చిన్న అబద్ధాన్ని దాచకపోతే, ఆ పిల్లాడు ఓ మెట్టు పైనున్నట్టే.

పరిణతి అని మనం పొరబడేవి చాలా ఉన్నాయి. చివర్లో చావు, సమాసాలు, అత్యాచారం లాంటి బరువైన వస్తువు, కథ మొదట్లో ఒక మహానుభావుడి సూక్తి, ఇంగ్లీషు మీడియం డిగ్రీ పిల్లల్లో అయితే "జీవితం ఇంతే బాస్" అనే విరక్తి. ఆ విరక్తి ఎక్కువగా ఓటీటీ సిరీస్‌ల్లోంచి వచ్చింది, వాళ్ల జీవితంలోంచి రాలేదు.

ఆరో తరగతి పిల్లల దగ్గర పరిణతి అనే మాటే ఎత్తకండి. మేక తప్పిపోయింది, వెతికారు, దొరికింది. వెతికిన చోట్లు వరసగా, కళ్లకు కట్టేట్టు ఉన్నాయా? మేక రంగు మొదటి పేజీలో నలుపై రెండో పేజీలో తెలుపైందా? ఆ వయసుకు అంత చాలు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఏది ముందు చెప్పాలి, ఏది దాచాలి అన్న ఆలోచన కనపడాలి. డిగ్రీ వాళ్ల దగ్గర నేను గట్టిగా ఉంటాను. కథను రెండోసారి రాసుకున్నారా లేదా అన్నది కచ్చితంగా చూస్తాను. ఒకే విషయాన్ని రెండు పేరాల్లో చెప్పారంటే తిరగరాయలేదన్నమాట.

భాష దగ్గర జాగ్రత్త

"వచ్చిండు", "వచ్చినాడు", "వచ్చాడు", ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. ఆదిలాబాద్ పిల్ల ఆదిలాబాద్ మాటలో రాస్తే, శ్రీకాకుళం పిల్లాడు "వొచ్చీసినాడు" అని రాస్తే ఎర్ర సున్నా చుట్టే మాస్టార్లు ఇంకా ఉన్నారు. అదీ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారి పుట్టినరోజున! మాండలికంలో మీరు చూడాల్సింది ఒక్కటే, కథంతా ఆ మాట నిలబడిందా అని. తాత నోట సగం యాస, సగం టీవీ వార్తల భాష వస్తుంటే యాస అలంకారం కోసం తెచ్చారని తెలిసిపోతుంది.

అక్షర దోషాలు వేరే సంగతి. ప్రతి కట్టలోనూ అందరికంటే ఎక్కువ బాధపడేది "బాధ" అన్న మాటే. దాన్ని "భాద" అని, "భాధ" అని, "బాద" అని రాస్తారు. ల, ళ దగ్గర, న, ణ దగ్గర తడబడతారు. ఇంగ్లీషు మీడియం పెరిగాక ఇది ఎక్కువైంది, ఆ పిల్లలను తిట్టి లాభం లేదు. యాభై మార్కుల్లో అక్షర దోషాలకు అయిదుకు మించి కొయ్యను. అదీ అర్థం చెడినచోటే.

పద్యం, వచన కవిత

కథలతో పాటు పద్యాలూ వస్తాయి, ఎక్కువగా ఆటవెలదులు. లెక్క తెలియకపోతే ఒప్పుకోకండి, తెలిసినవాళ్లకు పంపించండి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అది కుదరకపోతే ప్రాసయతి చెల్లుతుంది. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. ప్రాస లేదని మార్కులు కోసే జడ్జీలను చూశాను కాబట్టి చెబుతున్నాను. గణాలు సరిపోయాక చూడాల్సింది పూరణ పదాలు. "మహిని", "ఇలను", "ధరణిలోన" అని పాదానికొకటి తగిలిందంటే పిల్లాడు గణం నింపడానికి తంటాలు పడ్డాడన్నమాట. నాలుగు పాదాల్లో ఒక్కటి కూడా తీసేయడానికి వీల్లేని పద్యం ఎనిమిదో తరగతి నుంచి వస్తే నిలబడి దండం పెట్టండి.

వచన కవితల్లో రక్తం, పిడికిలి, సూర్యోదయం, "మిత్రమా" తప్పవు. కవితలోని పంక్తులన్నీ కలిపేసి వచనంలా ఒక పేరాగా రాసుకుని చదవండి. ఏమీ పోలేదనిపిస్తే అక్కడ కవిత్వం లేదన్నమాట. ప్రతిసారీ పనిచేయకపోయినా, చాలావరకు పనిచేసే పరీక్ష ఇది.

అనుకరణను మాత్రం నేరంగా చూడకండి. శ్రీశ్రీ 1910లో పుట్టారు. 1928లో, పద్దెనిమిదేళ్లకు "ప్రభవ" వేశారు. అందులో ఉన్నవి ఛందోబద్ధ పద్యాలు, ముందు తరం కవుల దారిలో నడిచినవి. తర్వాతి దశాబ్దంలో రాసిన గీతాలు "మహాప్రస్థానం"గా 1950లో పుస్తకమయ్యాయి. 1928లో ఆయన కాగితం మన కట్టలో ఉండి ఉంటే, అనుకరణ అని కొట్టేసేవాళ్లమేమో! ఆ వయసులో ఎవరినో అనుకరిస్తున్నారంటే అంతగా ఎవరినో చదివారని అర్థం. అనుకరణలో ఎక్కడ కాలు జారి సొంత మాట పడిందో వెతకడమే మన పని.

ఎవరు రాశారు?

ఇదివరకు అమ్మానాన్నలో, తెలుగు మాస్టారో రాసిచ్చేవాళ్లు. ఇప్పుడు చాట్‌జీపీటీ తోడైంది. దాని తెలుగు పట్టుకోవడం మొదట్లో తేలికగా ఉండేది, ఇప్పుడు కాస్త కష్టమే. ఊరి పేరు ఉండదు, ఉన్నా "పచ్చని పొలాల మధ్య ఒక చిన్న గ్రామం". ప్రతి పేరా చివర ఒక ఆశాకిరణం మెరుస్తుంది. అమ్మ, అత్త, పక్కింటావిడ అందరూ ఒకే మర్యాదైన భాషలో మాట్లాడతారు. కానీ ఇవన్నీ ఉత్తమ విద్యార్థులుగా పెరిగిన పిల్లల కథల్లో కూడా ఉంటాయి! అందుకే వీటిని చూసి తీర్పు ఇవ్వకండి. ఫలానా సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఇన్ని శాతమని వచ్చిందంటే అసలే నమ్మకండి. చేయని తప్పుకు ఒక పిల్లను దొంగ అంటే ఆ పిల్ల మళ్లీ పెన్ను పట్టదు.

నిర్వాహకులతో చెప్పి, మీరు ఎంచిన పదిమందిని ఒకరోజు పిలిపించండి. అక్కడికక్కడ అరగంట రాయించండి. విషయం చిన్నదివ్వండి, "మీ ఇంట్లో మూత సరిగ్గా పట్టని డబ్బా" లాంటిది. తర్వాత ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు కథ గురించి మాట్లాడండి. విచారణలా కాకుండా కబుర్లలా ఉండాలి. "ఆ రేషన్ షాపు గుమ్మం ఎటువైపు?" అని అడిగితే రాసిన పిల్ల గుమ్మంతో ఆగదు. పక్కనున్న టీ కొట్టు, అక్కడి కుక్క, తడిసిన బియ్యం బస్తా దాకా చెబుతుంది. కాగితం మీదకు రాని కథ చాలా ఉంటుంది వాళ్ల దగ్గర. రాయించినవాళ్ల దగ్గర కాగితం మీద ఉన్నదే ఉంటుంది.

చీకటి కథలు వచ్చినప్పుడు

చనిపోవాలనుకునే పిల్ల కథ, ఇంట్లో ఎవరో చెయ్యి వేసిన కథ, ఇలాంటివి వస్తే మార్కుల సంగతి తర్వాత. కథ రాసినంత మాత్రాన అది వాళ్ల సొంత బతుకే అనుకోనక్కర్లేదు, పిల్లలు కూడా ఊహిస్తారు. అలాగని పెన్సిలు గీతలు పెట్టి పక్కన పడేయడమూ తప్పే. కోడ్ నంబరు నిర్వాహకుల్లో నమ్మకమైన ఒకరికి చెప్పి, ఆ పిల్లకు దగ్గరైన టీచరు ఎవరో కనుక్కుని, ఒంటరిగా, మెల్లగా మాట్లాడమనండి. స్టేజి మీద, తోటి జడ్జీల కబుర్లలో ఆ ప్రస్తావన రాకూడదు. అవసరమైతే ఇవ్వడానికి మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416, పిల్లల మీద హింస అనుమానం ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 దగ్గర పెట్టుకోండి. కథగా మాత్రం మిగతా కథలను చూసినట్టే చూడండి. బరువైన వస్తువు అని మార్కులు పెంచొద్దు, "ఇంత చిన్న వయసులో ఇవేం రాతలు" అని తగ్గించొద్దు.

మార్కులు, తగువులు

నేను యాభైని ఇలా పంచుకుంటాను. చూపుకు ఇరవై, అంటే తను చూసింది, తను పట్టుకున్నది. కథ నడకకు పదిహేను. మాటకు పది. అక్షరం, విరామచిహ్నాలు వగైరాకు అయిదు. పరిణతికి వేరే గడి పెట్టను, అది చూపులోనే వస్తుంది. వేరే గడి పెడితే మళ్లీ అగ్నిపర్వతాలకే మార్కులు పడతాయి.

ఇద్దరు జడ్జీలుంటే మార్కులు కలిపి సగం చేసేయడం అలవాటు. అలా చేస్తే ఒకరికి ప్రాణంగా నచ్చి మరొకరికి అసలు నచ్చని కథ మధ్యలో పడి పోతుంది. ఇద్దరికీ ఫర్వాలేదనిపించిన కథ గెలుస్తుంది. యాభైలో పదిహేను మార్కుల పైన తేడా వస్తే ఆ కథను పక్కన పెట్టి ఇద్దరూ కూర్చుని చదవండి. రేషన్ కథ గురించి ఆయనా నేనూ చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయన దానికి రెండో బహుమతికి ఒప్పుకున్నారు. మొదటిది వృద్ధాశ్రమానికే వెళ్లింది. వాదనలో ఓడినా వాదించడం మానకండి. డిగ్రీ గ్రూపులో యోగ్యమైన కథ లేకపోతే మొదటి బహుమతి ఇవ్వకుండా ఉండొచ్చు. బడి పిల్లల దగ్గర ఆ పని చెయ్యకండి, అక్కడ శాలువా కప్పే పెద్దల మాటకంటే ఆ మెమెంటో కోసం వచ్చిన అమ్మ మొహం ముఖ్యం.

కాగితం చివర ఏం రాయాలి

"బాగుంది, ఇంకా బాగా రాయాలి" అన్న వ్యాఖ్య వల్ల ఎవరికీ లాభం లేదు. "వయసుకు మించి రాశావు" అనైతే అసలు రాయకండి. పిల్లలు ఆ మాట పట్టుకుని ఇంకా ఇంకా మించాలని చూస్తారు. నేను రెండు, మూడు వాక్యాలే రాస్తాను. వాళ్ల కథలోంచి ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి అది నన్నేం చేసిందో చెబుతాను. తర్వాత ఒక ప్రశ్న వేస్తాను. జవాబు నాకు చెప్పనక్కర్లేని ప్రశ్న.

హాస్టల్ కుర్రాడికి ఇలా రాశాను: "నా వెనక లైన్లో అయిదుగురున్నారు అన్న వాక్యం దగ్గర చదవడం ఆపేశాను, తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. ఒక సంగతి తెలుసుకోవాలనుంది. ఆదివారం మీ వార్డెన్ ఎవరికి ఫోన్ చేస్తాడు?"

వృద్ధాశ్రమం అమ్మాయికి: "నీ వాక్యం తడబడదు, ఆ బలం చాలామందికి ఉండదు. ఆ తల్లి ఆశ్రమానికి వెళ్తూ సంచిలో ఏమేం పెట్టుకుంది?"

బహుమతి సభలో "జడ్జిగారు రెండు ముక్కలు మాట్లాడతారు" అంటారు. లోపాలన్నీ మైకులో ఏకరువు పెట్టకండి. గెలిచిన కథలోంచి ఓ అయిదు వాక్యాలు చదివి కూర్చోండి, మిగతా పిల్లలకు మీ ఉపన్యాసం కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఆఖరుగా ఒక పని ఉంది, నిర్వాహకులు ఎప్పుడూ మర్చిపోయేది. సభ అయ్యాక కాగితాల కట్ట ఆఫీసు బీరువా మీదికి, అక్కడి నుంచి పాత పేపర్లవాడి తక్కెడలోకి పోతుంది. మీ వ్యాఖ్య కాగితాన్ని కథకు పిన్ను కొట్టి, కోడ్ నంబర్ల లిస్టు తీసుకుని, ఏ బడివి ఆ బడికి కట్టలు కట్టించండి. బహుమతి రానివాళ్లవి ముందు పంపించండి. దారి ఖర్చులకని మీకిచ్చే కవరులో డబ్బు ఆ పోస్టేజీకి సరిపోతుంది.